బయటికి కనిపించే పేరు

"ఇది కాస్త ఊడ్చి పెట్టు ధరణీ," అంటూ బాలాదిత్య ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు, సరిగ్గా ఆమె తొక్క తీసి పెట్టుకున్న అల్లం మీద. ఒక ముక్క దొర్లి కింద పడింది. అతను చూడలేదు. "రోబో నుంచి ఏదో వార్నింగ్ వచ్చింది. నాకు పదింటికి కాల్ ఉంది. పెద్ద పనేం కాదులే, చెత్త తియ్యడమే."

ధరణి చేతులు చున్నీకి తుడుచుకుని తెర వైపు చూసింది. కంప్యూటర్లని లోపల్నుంచి నడిపే కెర్నెల్ అనే మహా యంత్రాంగాన్ని వేలమంది కలిసి రాస్తారు, ఏ మార్పయినా, పేచ్ అంటారు దాన్ని, అందరికీ కనబడేలా మెయిల్‌లోనే పంపాలి. ఎవరు పంపినా ఒక రోబో ప్రోగ్రాం దాన్ని కిందా మీదా చేసి, లోపం కనిపిస్తే పంపినవాళ్ల పేరుకే ఉత్తరం రాస్తుంది. ఇవాళ బాలాదిత్య పాత మార్పొకటి పట్టుకుని అతనికి రాసింది. రెండే వాక్యాలు. 'సెటిల్ డిలే అనే పేరు ఎక్కడా ప్రకటించలేదు. ఇది స్టాటిక్‌గా ఉండాలా?'

బాలాదిత్య గుమ్మం దాటబోయి వెనక్కి తిరిగాడు. "నీ పేరు మీదే పంపుకో. టీమ్ లీడ్‌ని అయ్యేక ఇలాంటి చిల్లర క్లీనప్‌లు నా పేరు మీద వెళ్తే బాగోదు. నీకూ లోకంలో ఓ పేచ్ ఉన్నట్టుంటాది కదా."

అన్నదానం చేసి వచ్చినవాడి మొహంలా వెలిగిపోతోంది అతని మొహం. హాల్లోంచి అత్తగారు జగదాంబ కేకేసింది. "అమ్మీ, పప్పులో ఉప్పేసేవా? నిన్న మర్సిపోనావు."

వేశానంది ధరణి. వెయ్యలేదు. ఆ పేరు చూసిన దగ్గర్నుంచి ఆమె బుర్ర పప్పులో లేదు. సెటిల్ డిలే. ఆ పేరు పెట్టింది తనే.

ధరణి వాళ్లది కోరాపుట్ దగ్గరి ఫ్యాక్టరీ టౌన్‌షిప్. నాన్న తిరుమలరావు అక్కడ లేత్ మీద పని చేసేవాడు. ఆమె హైదరాబాదులో ఆరేళ్లు ఉద్యోగం చేసింది, కెర్నెల్లో ప్రాసెసర్ వేగం చూసే విభాగంలో. పని లేనప్పుడు ప్రాసెసర్ నెమ్మదించాలి, పని పడగానే పుంజుకోవాలి. ఎప్పుడు నెమ్మదించాలి, ఎంతసేపు ఆగి నెమ్మదించాలి అన్నదే అక్కడి విద్యంతా. పెళ్లయింది, కరోనా వచ్చింది, ఇద్దరూ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని రాయగడలో అత్తగారింటికి వచ్చారు. ఆర్నెల్లకి జగదాంబ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. "ఎవరో ఒకరు మానాలి కదా," అన్నాడు బాలాదిత్య. ఆ ఎవరో ఒకరికి ఈ ఇంట్లో ఒకే పేరు ఉందని ధరణికి అప్పటికే అర్థమైపోయింది. రాజీనామా ఉత్తరం కూడా అతనే రాసి పెట్టాడు, ఆమెకి శ్రమ ఎందుకని.

ఉద్యోగం మానింది గానీ పని మానలేదు. అత్తగారికి మందులిచ్చి పడుకోబెట్టాక, మధ్యాహ్నం టీ వేళలోపు రెండు గంటలు దొరికేవి. ఆ రెండు గంటల్లో, పదకొండు నెలలపాటు, చిన్న చిన్న పరికరాల్లో ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసే కోడ్ రాసింది. పదకొండు వందల లైన్లు. అందులో ప్రాణమంతా సెటిల్ డిలే అనే కోడ్ ముక్కలో, ఆ ఫంక్షన్‌లో ఉంది. ఆ ఊహ ఆమెకి రైల్లో తట్టింది. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే బండి కకిరిగుమ్మ దగ్గర కొండల్లో ఎక్కుతుంటే, మధ్యలో కాస్త చదును వచ్చినా డ్రైవరు ఇంజను జోరు తగ్గించడు. ముందు ఇంకో ఎక్కుడు ఉందని అతనికి తెలుసు, తగ్గించి మళ్లీ పెంచడంలోనే ఎక్కువ ఖర్చయిపోతుంది. ప్రాసెసర్ కూడా అలా కాసేపు ఆగాలి. ఎంతసేపు? బియ్యం డబ్బా వెనక ఒక చిన్న సర్క్యూట్ బోర్డు పెట్టి మూడు వారాలు కొలిచింది. ముప్పై మిల్లీసెకన్లకి తడబడింది, యాభైకి వేడెక్కింది. నలభైకి కుదురుకుంది. ఆ రోజు ధరణి ఒక్కతే వంటింట్లో నిలబడి చప్పట్లు కొట్టుకుంది. "ఏటే, బల్లి పడ్డాదా?" అని జగదాంబ హాల్లోంచి అడిగింది.

"నీ సొంత మెయిల్‌తో పంపితే ఎవడూ పట్టించుకోడు. నేను ఆఫీసు మెయిల్‌తో పంపుతాను, ఇద్దరి పేర్లూ పెడతాను," అన్నాడు బాలాదిత్య కోడ్ పూర్తయ్యాక. అక్కడ ప్రతి మార్పుకీ పైన రచయిత పేరు ఉంటుంది, కింద సంతకం లైను ఉంటుంది. ఇది నా పని అని ఒట్టు వేసినట్టే ఆ సంతకం. రెండు నెలలకి కోడ్ కెర్నెల్లోకి వెళ్లిన రోజున ధరణి తెరిచి చూసుకుంది. పైన అతని పేరే. కింద అతని పేరే. మూడుసార్లు పైకీ కిందికీ వెతికింది, ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుందేమోనని. అడిగితే అతను తలెత్తకుండా అన్నాడు. "హడావుడిలో మర్చిపోయేను. ఒకసారి లోపలికెళ్లేక పేర్లు ఎవరూ మార్చలేరు, నీకు తెలుసు కదా. అయినా ఇంట్లోదే కదా ధరణీ, ఎవరి పేరైతే ఏటి? నీ సంగతి నాకు తెలుసు, నా సంగతి లోకానికి తెలుసు. చాలదా?"

చాలదని ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఈలోగా అవతల పాలు పొంగాయి. ఆడదాని కోపాన్ని ఆపడానికి ఈ ఇళ్లల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పొంగుతూనే ఉంటుంది.

తర్వాత అతను బెంగుళూరులో ఆ కోడ్ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. జగదాంబ దాన్ని టీవీలో లైవ్ పెట్టించి, పక్క వీధి సూర్యారావునీ, ఆయన భార్య పైడితల్లినీ పిలిచింది. ధరణి బజ్జీలు వేస్తోంది. ఉపన్యాసం చివర ఎవరో లేచి నలభై మిల్లీసెకన్లే ఎందుకని అడిగారు. అదే నిమిషంలో ఆమె ఫోన్‌కి అతని మెసేజ్ వచ్చింది. 'నలభై ఎందుకు? వెంటనే చెప్పు.' శనగపిండి వేళ్లతో ఆమె టైపు చేస్తుండగానే టీవీలో అతను చిరునవ్వు నవ్వి, ఎన్నో ప్రయోగాల తర్వాత తేలిందని చెప్పేశాడు. చప్పట్లు మోగాయి. ధరణి ప్లేటు పట్టుకుని హాల్లోకి వస్తుంటే సూర్యారావు అడుగుతున్నాడు.

"మీ కోడలమ్మ ఏటి సేత్తాదండీ?"

"ఏటీ సెయ్యదండి. ఇంటికాడే ఉంటాది," అంది జగదాంబ. "మజ్జానం పూట ఆ కంప్యూటరు ముందు కూకుని ఏటో నొక్కుతాది. మావోడు కొనిచ్చేడు, కాలచ్చేపం అవుతాదని."

ఆ కంప్యూటరు ధరణి తన ఉద్యోగం రోజుల్లో కొనుక్కున్నది. బజ్జీ కారంగా ఉందని పైడితల్లి అంటే నీళ్లు తెచ్చి ఇచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఆమె మనసులో ఒకటి మొదలైంది. దానికి మంచి పేరేమీ లేదు, కక్ష అనే అనాలి. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, అత్తగారి కాళ్లకి నూనె రాస్తూ, అతన్ని ఎక్కడ కొడితే ఎంత నొప్పి పుడుతుందో ఆలోచించేది. దారి దొరక్క ఊరుకుంది, అంతే.

ఇప్పుడు రోబో దారి చూపించింది.

అతను కాల్‌లోకి వెళ్లాక ధరణి కోడ్ తెరిచింది. తను రాసినప్పుడు ఆ ఫంక్షన్ పేరు ముందు స్టాటిక్ అనే మాట ఉండేది. ఆ మాట ఉంటే ఆ పేరు ఆ ఫైలు గడప దాటదు, ఇంకెవరికీ కనబడదు, ఎవరూ పిలవలేరు. ఇప్పుడా మాట లేదు. పైగా ఫంక్షన్ కింద తను రాయని లైను ఒకటి ఉంది, ఆ పేరుని బయటివాళ్లకి అందుబాటులో పెట్టే ఎక్స్‌పోర్ట్ లైను. కెర్నెల్ మొత్తం వెతికింది. ఆ పేరుని పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు.

మరెవరి కోసం పెట్టాడు? ఆమెకి వెంటనే గుర్తొచ్చింది. మొన్న చలికాలంలో, బాలాదిత్య తన కంపెనీ తయారుచేసే మీటరు పెట్టెని నడిపే డ్రైవర్ కోడ్‌లో తప్పు వెతికి పెట్టమంటే తనే వెతికి పెట్టింది. ఆ డ్రైవర్ని కంపెనీ బయట ఎవరికీ చూపించదు. అందులో సెటిల్ డిలే అని చూసి, ఇది ఇక్కడికెలా వచ్చిందని ఆశ్చర్యపోయింది, ఇంతలో కుక్కర్ కూత వేసింది. అదీ సంగతి. తన డ్రైవర్ కోసం దొడ్డిదారిన ఆ పేరుని బయట పెట్టుకున్నాడు. బయట పెట్టే పేరుని, పేర్ల జాబితా ఉండే హెడర్ ఫైల్లో ప్రకటించాలన్న ఆచారం మాత్రం అతనికి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఏది ఎక్కడ ఉండాలో ఊడ్చేవాళ్లకి తెలుస్తుంది, వాడుకుని వదిలేసేవాళ్లకి తెలియదు.

కెర్నెల్లో ఇంకో ఆచారం ఉంది. లోపల ఎవరూ వాడని పేరుని బయటివాళ్ల కోసం తెరిచి పెట్టరు. ఎవరైనా చూసి చెప్తే తీసేస్తారు, ఎవరి చాటు డ్రైవర్లు కూలిపోయినా వాళ్లకి అనవసరం. అంటే స్టాటిక్ అనే మాట తిరిగి పెట్టి, ఆ ఎక్స్‌పోర్ట్ లైను తీసేస్తే, కొత్త కెర్నెల్ మీద అతని మీటరు పెట్టె లేవదు. అతను టీమ్ లీడ్ అయిందే ఆ పెట్టె మీద. ధరణికి నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదని ఆమెకీ తెలుసు, అయినా ఆపుకోలేదు.

భోజనాల దగ్గర అడిగింది. అత్తగారి ఎదుట అతన్ని 'మీరు' అంటుంది, గదిలో 'నువ్వు'. "ఏవండీ, ఆ సెటిల్ డిలేని బయట ఎవరైనా వాడుతున్నారా? స్టాటిక్ చేసి ఎక్స్‌పోర్ట్ తీసేద్దామనుకుంటున్నాను. ఎవరికైనా దెబ్బ తగుల్తుందేమో."

"ఎవరికి తగుల్తాది? ఎప్పటిదో అది," అన్నాడు పప్పు కలుపుకుంటూ. "ఉప్పు లేదేంటి ఇందులో?"

సాయంత్రం పంపబోయే మెయిల్ తెచ్చి చూపించింది. "ఒకసారి చదవండి." అతను ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. "పంపెయ్ ధరణీ. గుమ్మం ఊడ్చడానికి కూడా నన్నడగాలా?"

రెండుసార్లు అడిగింది. ఆమె వైపు నుంచి లెక్క సరి. గదిలోకి వెళ్లి పంపేసింది. ఒక మాట పెట్టింది, ఒక లైను తీసింది. లోపల ఎవరూ వాడటం లేదని రాసింది. ఏ పాత మార్పులోని తప్పుని సరిదిద్దుతున్నారో దాని పేరు రాయడం అక్కడి పద్ధతి కనక, బాలాదిత్య పంపిన ఆ మార్పు పేరు రాసింది. పైన ధరణి. కింద సంతకం, ధరణి. అరగంటలో బాలాదిత్య అందరికీ కనబడేలా జవాబిచ్చాడు, ఈ మార్పుకి నేను ఒప్పుకుంటున్నానని. చదివి ఇచ్చింది కాదు. కిందివాళ్ల పేచ్‌కి ఒప్పుకోలు ఇవ్వడం లీడ్‌లు చేసే పని కదా, ఆ దర్జా కోసం ఇచ్చాడు. ధరణి ఆ జవాబుని ముద్దు పెట్టుకోలేదు గానీ, అంత పనీ చేసేదే.

శనివారం నాటికి ఆ విభాగం చూసే పెద్దాయన నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఐరోపాలో ఉంటాడాయన, ఎవరినీ ఊరికే పొగడడు. 'తీసుకున్నాను. ధన్యవాదాలు, ధరణీ.' అంతే ఉంది. ఆ మూడు మాటల్ని ఆమె పదిసార్లు చదివింది. ఉద్యోగం మానాక ఆమె పనికి ఆమె పేరు పెట్టి ఎవరైనా థాంక్స్ చెప్పడం ఇదే మొదలు, అది కూడా చెత్త తీసినందుకు. ఆ తర్వాత ఆగలేదు. అవే రెండు గంటల్లో, అదే విభాగంలో ఇంకో తొమ్మిది చోట్ల అనవసరంగా బయటికి తెరిచి ఉన్న పేర్లు వెతికి మూసేసింది. తొమ్మిదింటి మీదా తన పేరే. ఇంట్లో ఎవరూ అడగలేదు, ఊడ్చే పని కనక.

ఐదు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం జగదాంబ సీరియల్ చూస్తుండగా బాలాదిత్య గదిలోంచి దూసుకొచ్చాడు. హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతోంది.

"ఏం చేసేవ్ నువ్వు?"

ధరణి బట్టలు మడత పెడుతోంది. "దేని గురించి?"

"కొత్త కెర్నెల్ మీద మన పెట్టె లేవట్లేదు! మా మేనేజరు సౌమ్యరంజన్ సార్ పొద్దుట్నుంచీ నన్ను నిలబెట్టి అడుగుతున్నారు, ఆ పేరు ఎవరు తీసేరని. చూస్తే నీ పేరు! కింద నా ఒప్పుకోలు! అందరూ చూసేరు ధరణీ, మొత్తం టీమ్ చూసింది." అతను మెడలోని హెడ్‌ఫోన్ పీకి పారేశాడు. "తెలిసి చేసేవా?"

"తెలిసే చేశాను."

జగదాంబ టీవీ గొంతు తగ్గించింది.

"రెండుసార్లు అడిగాను నిన్ను. వద్దని ఒక్క మాట అని ఉంటే ఆపేసేదాన్ని," అంది ధరణి. నిజంగా ఆపేసేదా? ఆపేసేది కాదు. ఆ సంగతి అతనికి చెప్పాల్సిన పని లేదు.

"మొగుణ్ని పట్టుకుని నువ్వంటన్నావేటే?" అంది జగదాంబ.

"గదిలో ఎప్పుడూ నువ్వే అంటానత్తయ్యా. ఇవాళ హాల్లో అన్నాను."

బాలాదిత్య కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గొంతు మార్చాడు. పని పడ్డప్పుడు అతని గొంతు ఎంత మెత్తగా అవుతుందో ఆమెకి కొత్త కాదు. ఆ పేరుని తిరిగి బయట పెట్టమని పొద్దున్నే అందరి ముందూ అడిగాడట. పెద్దాయన జవాబిచ్చాడట. ధరణి ఆ జవాబు అప్పటికే చదివింది, ఆ మెయిళ్లు ఆమెకీ వస్తాయి. పెద్దాయన రెండు ప్రశ్నలు వేశాడు. ఈ పేరుని వాడేదెవరు? నలభై మిల్లీసెకన్లు ఎందుకో ఎక్కడా రాసి లేదు, రాసిన మీరు వివరిస్తారా? మొదటిదానికి జవాబు చెప్తే కంపెనీ చాటుమాటు బయట పడుతుంది. రెండోదానికి జవాబు అతనికి తెలియదు.

"రెండోదైనా రాసిపెట్టు," అన్నాడు ల్యాప్‌టాప్ ఆమె ఒళ్లో, మడత పెట్టిన బట్టల మీద పెడుతూ. "అది బాగా రాస్తే మొదటిది వదిలేస్తారు. నా పేరుతో నేను పంపుకుంటాను. ఈ ఒక్కసారి. నా పరువు పోతాది ధరణీ."

"రాయే అమ్మీ," అంది జగదాంబ. మొదటిసారి ఆవిడ గొంతులో బతిమాలుడు వినబడింది. "ఆడికి రాదా ఏటి? తొందరలో ఉన్నాడు, అందుకని. నీకేటి, మజ్జానం ఖాళీయే కదా."

ధరణి ఇద్దరినీ చూసింది. తన పేరు తను తెచ్చుకుంటే ఈ ఇంట్లో రేపట్నుంచి ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. మాటలుండవు. ఉన్నా విషంలా ఉంటాయి. నాన్నకి ఫోన్ వెళ్తుంది, సూర్యారావు వచ్చి మంచి చెప్తాడు, కోరాపుట్ బండి ఎక్కాల్సి వచ్చినా రావచ్చు. రానీ అనుకుంది. అనుకున్నాక భయం వెయ్యలేదు. పదకొండు నెలలు బియ్యం డబ్బా వెనక దాచుకున్న సంతోషం ఇప్పుడు కోపంగా మారి చేతుల్లోకి వచ్చింది, వేళ్లు వేడెక్కాయి.

అతని ల్యాప్‌టాప్ మూసి అతని చేతికే ఇచ్చింది. అల్మరాలోంచి తన ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. తన మెయిల్ తెరిచింది. పదకొండు నెలల ముసాయిదాలు తారీకులతో సహా అందులోనే ఉన్నాయి, ముప్పైకి తడబడిన రోజూ, యాభైకి వేడెక్కిన రోజూ. అన్నీ జత చేసింది. పెద్దాయన ప్రశ్న కింద, అందరికీ వెళ్లేలా, రాయడం మొదలుపెట్టింది. బాలాదిత్య వెనక నిలబడి చదువుతున్నాడు. రెండో వాక్యానికి వచ్చేసరికి అతని చెయ్యి ఆమె భుజం మీద పడింది. "ధరణీ. వద్దు. ప్లీజ్."

"ఏటి రాత్తన్నాదిరా?" అంది జగదాంబ.

ధరణి భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టి, పంపేసింది. ఆ ఉత్తరం ఇవాళ లోకంలో ఎవరైనా చదవొచ్చు. అందులో ఇలా ఉంది. 'ఈ కోడ్ రాసింది నేను, ధరణి. జత చేసిన ముసాయిదాలు చూడండి. నలభై మిల్లీసెకన్లు ఎందుకో నాకు తెలుసు, కానీ మీరు ఆ ప్రశ్న నన్ను అడగలేదు, దీని కింద సంతకం చేసిన మనిషిని అడిగారు. కనక ముందు ఆయన్నే చెప్పనివ్వండి. ఆయన జవాబు కోసం మీతో పాటు నేనూ ఎదురు చూస్తాను.'